‘పట్టుకేల సబ్బు’ పద్యానికి హొసకోట టీక

మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసును పట్టుకున్నాడు. వై.ఎన్. హొసకోట వ్యాఖ్యాతకు ఉతుకుడు బకెట్టు దొరికింది. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని సూరిగారి ప్రతిజ్ఞ. మొదటి మాట నిలబెట్టుకోవడానికి ఈయనా ప్రయత్నిస్తాడు. రెండోదానికి పూచీ లేదు.

ముందు ఊరి పేరు విప్పాలి. వై.ఎన్. అంటే యల్లప్ప నాయకన. హొసకోటె అంటే కొత్తకోట. పేరు కన్నడం, జిల్లా తుమకూరు, తాలూకా పావగడ. ఆ తాలూకాకు దాదాపు చుట్టూతా ఆంధ్ర నేల. అందుకే బోర్డు మీద కన్నడం, మాటలో తెలుగు. అంగట్లో ‘అంటువాళ’ అని అడిగినా ‘కుంకుడుకాయలు’ అని అడిగినా ఒకే సంచీ ముందుకొస్తుంది. పైగా ఇది పట్టుచీరలు నేసే ఊరు.

మూలం:

పట్టుకేల సబ్బు? పాలలా నురుగొచ్చు
కుంకుడుండ నింట కొట్టి వేయ;
చలువబట్ట కేమొ చాకలి సోడాయు
గంజినీరు నీలి కలుప జాలు.

పద్యాన్ని వ్యాఖ్యాతే కట్టి, తనే టీక రాసుకుంటున్నాడని గిట్టనివారు అంటారు. ఆయన ఇంతవరకూ కాదనలేదు.

ప్రతిపదార్థం: పట్టుకు = పట్టు వస్త్రానికి; ఏల = ఎందుకు; సబ్బు = అంగట్లో కొన్న సబ్బు; ఇంటన్ = ఇంట్లో; కుంకుడు ఉండన్ = కుంకుడుకాయలు ఉండగా; కొట్టి వేయన్ = గింజ తీసి, చితక్కొట్టి నీళ్లలో వేస్తే; పాలలా = పాల మాదిరి; నురుగొచ్చు = నురుగు వచ్చును. (‘నురుగు వచ్చు’ అంటే గణం చెడుతుంది. పండితులు మన్నించాలి, గిడుగువారి పక్షం వారు చప్పట్లు కొట్టవచ్చు.) చలువబట్టకు = తెల్లని నూలుబట్టకు. మిగతాది సులభం.

సులభం కానిది మొదటి పాదమే. ‘పట్టు, కేల, సబ్బు’ అని విడదీస్తే ‘చేతిలో సబ్బు పట్టుకో’ అని అర్థం వస్తుంది. కేలు అంటే చెయ్యి. సబ్బు అమ్మేవారికి ఈ విరుపే ఇష్టం. వ్యాఖ్యాత దీన్ని తోసిపుచ్చుతాడు, కారణం వ్యాకరణం కాదు, బోరు నీళ్లు.

కరవు తాలూకా కావడంతో ఇక్కడ బోర్లు లోతుకు దిగాయి. పావగడ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరూ ఎరిగిందే. అది పళ్లకూ ఎముకలకూ శత్రువు. బట్టలకు శత్రువు వేరు: నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. సబ్బు రుద్దగానే ఇవి దానితో కలిసి కరగని తెట్టు కడతాయి. నురుగు రాదు, రాలేదని ఇంకా రుద్దుతారు, ఆ తెట్టు నూలులో దిగి తెల్లచొక్కా బూడిదరంగుకు తిరుగుతుంది. అంటే కొన్న సబ్బులో కొంత మురికితో పోరాడకముందే నీళ్లతో పోరాడి చచ్చిపోతుంది. దాని తెట్టు వదిలించడానికి ఇంకో రెండు బిందెలు. ఈ ఊళ్లో బిందె నీళ్లు ఎంత బరువో మోసినవారికి తెలుసు.

కుంకుడు నురుగు మరో జాతి. అందులో పనిచేసే సాపొనిన్లు సబ్బులా కాల్షియంతో ముద్దకట్టవు. ఇక ‘చాకలి సోడా’, అంటే సోడియం కార్బొనేట్, ఆ కాల్షియాన్ని ముందే పట్టి అడుగుకు దించుతుంది. కాబట్టి బకెట్టుకు ఒకటి రెండు చెంచాల సోడా వేసి నూలుబట్టలు నానబెడితే తర్వాత సబ్బు తక్కువ పడుతుంది. చేతుల చర్మం మాత్రం జాగ్రత్త. అంగట్లోకి సోడా రాకముందు రజకులు చౌడుమన్ను కలిపి బానల్లో ఉడకబెట్టింది ఈ క్షారం కోసమే.

ఇక్కడ నేతగాడు లేచి పూర్వపక్షం చేస్తాడు: “అయ్యా, మగ్గం ఎక్కకముందు పట్టునూలును మేమే సబ్బూ సోడా వేసి ఉడకబెడతాం కదా. అప్పుడు చెడనిది చీరయ్యాక చెడుతుందా?”

మంచి ప్రశ్న. సిద్ధాంతం: పచ్చిపట్టు బరువులో సుమారు 20 నుంచి 25 శాతం సెరిసిన్ అనే జిగురు. ఉడకబెట్టేది ఆ జిగురు వదిలించడానికి. క్షారం కాటు ముందు దానికే తగులుతుంది. నేసిన చీరలో ఆ కవచం లేదు. ఇప్పుడు సోడా పడితే నేరుగా పోగే నలుగుతుంది, రంగూ జరీ అదనపు నష్టం. అందుకే పద్యకర్త పట్టును ఒక అర్ధంలో, నూలును మరో అర్ధంలో పెట్టాడు. నాలుగు పాదాల్లో గొప్పతనమంటూ ఉంటే ఈ విభజనలోనే ఉంది. కుంకుడు రసం కొద్దిగా పులుపు స్వభావం కలది, పట్టుకు పడుతుంది. గోధుమరంగుది కనుక తెల్లబట్టకు పడదు.

ఈమధ్య సోడాలో వెనిగరో నిమ్మరసమో కలిపి బుసబుస పొంగించడం ఒక వేడుక. ఆమ్లం క్షారాన్ని చంపేస్తుంది, పొంగింది బొగ్గుపులుసు వాయువు, మిగిలింది ఉప్పునీరు. ఈ పాఠాంతరం ప్రక్షిప్తమని వ్యాఖ్యాత నిర్ణయం.

ఇంటి సరుకని చిన్నచూపు కూడదు. 1969లో కర్సన్‌భాయ్ పటేల్ అహ్మదాబాదులో ఇంటి పెరట్లో పొడి కలిపి సైకిలు మీద అమ్మాడు. సర్ఫ్ కిలో 13 రూపాయలు ఉన్నచోట ఆయన 3 రూపాయలకే ఇచ్చాడు. అదే నిర్మా. 1983లో కేరళ త్రిశూరు జిల్లాలో ఎం.పి. రామచంద్రన్ వంటింట్లో ప్రయోగాలు చేసి తీసిన నీలిమందు ఉజాలా. పద్యంలోని ‘నీలి’కి ఇప్పుడు లోకంలో అర్థం ఆ ఊదారంగు సీసాయే. పసుపెక్కిన బట్టకు చిటికెడు నీలం తోడైతే కంటికి తెల్లగా తోస్తుంది. మురికి పోయిందని కాదు.

‘గంజినీరు’ అన్నచోట టీక తడబడక తప్పదు. సంగటి తినే సీమలో అన్నం వార్చడం మొదటే తక్కువ, కుక్కరు విజిలు వేసిన నాటి నుంచి వార్చేవారే లేరు. సగ్గుబియ్యం ఉడికించిన నీళ్లు ఇక్కడ గంజికి పర్యాయపదంగా గ్రహించాలి.

తాత్పర్యం: పట్టుకు కుంకుడు, నూలుకు సోడా, తెలుపుకు నీలి, బిగువుకు గంజి.

ప్రయోగవిధి: కుంకుడు రసాన్ని పలుచని గుడ్డలో వడకట్టండి, లేకపోతే పిప్పి మరకలు పడతాయి. నిలవుంచితే పులుస్తుంది గనుక ఆ పూటకు సరిపడా కొట్టుకోండి. ముందు చీర చెంగు మూల ఒకటి తడిపి చూడండి. రంగు దిగిందంటే ఈ టీక ఆ చీరకు వర్తించదు.