లింకరు వాక్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

గోనెగండ్ల, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి ఇంజనీరింగు చదువుకు పోయే విద్యార్థికి కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబులో మొదట అప్పగించే పని తెర మీద ఒక గీత, ఆ తర్వాత ఒక వృత్తం గీయించడం. ఈ పనికి ప్రమాణగ్రంథంగా ల్యాబు మాన్యువళ్లలో చాలాకాలంగా చెల్లుతున్నది 1980ల చివర బోర్లాండ్ సంస్థ డాస్ యంత్రాల కోసం వెలువరించిన బిజిఐ అనే లైబ్రరీ. లైబ్రరీ అనగా ఒకరు రాసి, యంత్రభాషలోకి మార్చి, పదిమంది వాడుకొనేందుకు కూర్చి ఉంచిన ఫంక్షన్ల సంపుటం. 64 బిట్ల విండోస్ ఆ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములను నడపడానికి ఒప్పుకోదు కనుక, బిజిఐ కలిగిన టర్బో సి కంపైలరును డాస్‌బాక్స్ అనే కృత్రిమ డాస్ లోపల నడిపించడం ఒక సంప్రదాయం కాగా, కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ మెయిన్ విండోస్‌కు తగినట్లు మలచిన విన్‌బిజిఐఎంను కోడ్‌బ్లాక్స్‌లోనో డెవ్ సి ప్లస్ ప్లస్‌లోనో అమర్చుకోవడం రెండవ సంప్రదాయం. ఆ రెండవ సంప్రదాయంలో దీక్ష పుచ్చుకొన్నవారికి తరచుగా ప్రత్యక్షమయ్యే వాక్యద్వయం ఇక్కడ వ్యాఖ్యానింపబడుతున్నది.

మూలం

స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్ లిబ్‌బిజిఐ డాట్ ఏ వెన్ సెర్చింగ్ ఫర్ ఎల్‌బిజిఐ । కెనాట్ ఫైండ్ ఎల్‌బిజిఐ ॥

టీక

పదాల అర్థం నిఘంటువు తెరిచినవారికెల్లా తెలిసేదే కనుక విడువబడింది. విచారించవలసినది పూర్వోత్తర వాక్యాల విరోధం. మొదటి వాక్యం ఆ లైబ్రరీ కంటబడిందని, పడినా దాటివేయడమైనదని చెబుతున్నది. రెండవది అదే లైబ్రరీ దొరకలేదని తీర్మానిస్తున్నది. చూసినదాన్నే చూడలేదనడం మతిభ్రమ కాదా అని పూర్వపక్షం. కాదు, లింకరు కోరేది 64 బిట్ల సరుకు, విన్‌బిజిఐఎం 32 బిట్ల కాలంలో కంపైలు చేసినది, విజాతీయమైనది ఎదుట ఉన్నా లేనట్టేనని లింకరు సిద్ధాంతం. 32 బిట్ల కంపైలరును తెచ్చుకొంటే విరోధం తొలగుతుంది. ఇంత చిన్న సమాధానాన్ని ఆ వాక్యమే ఎందుకు చెప్పలేదన్నది మాత్రం విరోధం తొలగినా మిగిలే ప్రశ్న.

తాత్పర్యం

కంపైలరు, లింకరు అనే ఇద్దరి అధికారాలు వేరని తెలియనివారికి ఈ దోషాలన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి. కంపైలరు ఒక్కొక్క ఫైలునే చదివి, వ్యాకరణం సరిచూసి, యంత్రభాషలోకి మార్చి, పేరు మాత్రమే తెలిసిన ఫంక్షను వచ్చినచోట ఖాళీ విడిచి సాగిపోతుంది. గ్రాఫిక్స్ డాట్ హెచ్ అనే హెడరు ఫైలు అందించేది ఆ పేర్ల పట్టికనే గాని ఫంక్షన్లను కాదు. ఖాళీలను పూరించేది లింకరు. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు వాక్యార్థజ్ఞానానికి మూడు హేతువులు చెప్పాడు: ఒక పదం మరొక పదం లేనిదే అర్థాన్ని ముగించలేకపోవడం ఆకాంక్ష, అర్థాలు పరస్పరం పొసగడం యోగ్యత, పదాలను జాగు లేకుండా పలకడం సన్నిధి. నిప్పుతో తడుపుతున్నాడన్న మాటలో యోగ్యత లేనట్లే, అంకె కోరే చోట పదాన్ని పెట్టిన ప్రోగ్రాములోనూ లేదు. దాన్ని కంపైలరు పట్టుకొంటుంది. ఇనిట్‌గ్రాఫ్ అని పిలిచి ఆ ఫంక్షను ఎక్కడుందో చూపకపోతే మిగిలేది తీరని ఆకాంక్ష. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అన్న లింకరు ఆక్రోశానికి అదే అర్థం. ఇక సన్నిధి. గ్నూ లింకరు ఆజ్ఞను ఎడమ నుంచి కుడికి చదువుకొంటూ పోతుంది కనుక, లైబ్రరీ పేరును ప్రోగ్రాము పేరుకు ముందు రాస్తే, అప్పటికి ఎవరూ ఏమీ కోరలేదు కదా అని దాన్ని దాటిపోయి, కోరిక పుట్టిన తర్వాత వెనుదిరిగి చూడదు. బిజిఐ తర్వాత జిడిఐ32 మొదలైన విండోస్ లైబ్రరీలను వరుసగా చేర్చాలన్న విధికీ ఇదే కారణం: బిజిఐ తానుగా గీత గీయదు, గీయమని జిడిఐని అడుగుతుంది. అన్నంభట్టు తన గ్రంథానికి దీపిక అనే వ్యాఖ్యను తానే రాసిపెట్టాడు. ల్యాబు మాన్యువళ్లు రాసేవారికి ఆపాటి దయ కలగలేదు.

విశేషం

వ్యాఖ్యకు వ్యాఖ్య అవసరపడటం ఈ సీమకు కొత్త కాదు. ఆదోని, ఎమ్మిగనూరులకు దాపున తుంగభద్ర ఒడ్డునే మంత్రాలయం ఉంది. బాదరాయణుని బ్రహ్మసూత్రాల మీద మధ్వాచార్యులు అనువ్యాఖ్యానం రచించగా, దానిమీద జయతీర్థులు న్యాయసుధ రచించి టీకాచార్యులన్న పేరు పొందగా, ఆ న్యాయసుధకు పరిమళమనే వ్యాఖ్య కూర్చినవారు 1671లో ఇక్కడ బృందావనస్థులైన రాఘవేంద్రస్వామి. అప్పటికి మంచాలగా పిలిచే ఆ గ్రామాన్ని ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చాడని ప్రతీతి. అంటే వ్యాఖ్యాతకు ఊరినే ఇచ్చిన సీమ ఇది. ఈ పరంపరలో ప్రతి గ్రంథమూ తనకు ఆధారమైన గ్రంథాన్ని పేరుపెట్టి చెబుతుంది, చదువరి తట్టుకొని పడే చోట ఆగుతుంది, తెలిసినచోట సాగిపోతుంది. మెదకు సీమకు చెందిన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు సంజీవని రాశాడు. ఆ ప్రతిజ్ఞలోని రెండో భాగానికి ఈ ప్రకరణం భంగం కలిగిస్తున్నదని ఎవరైనా అంటే కాదనడానికి లేదు. ప్రకృతం హెడరు ఫైలు.

పాఠాంతరం

విన్‌బిజిఐఎం హెడరు ప్రతుల్లో 302వ పంక్తి దగ్గర, బొమ్మను ముద్రించే ఫంక్షనుకు ఇచ్చే హద్దులు ఎడమ, కుడి, కుడి, కింద అని ఉంటాయి. రీడెఫినిషన్ ఆఫ్ ఇంట్ రైట్ అనే దోషం ఇందువల్లనే. తర్వాత రాబోయే మాట ముందే కలంలోకి దిగడం తాళపత్రాల లేఖకులకు తెలిసిన ప్రమాదమే కనుక, మొదటి కుడిని తీసి పై అని దిద్దితే పాఠం శుద్ధమవుతుంది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతికి ప్రతి పోల్చి చూపించి పరిష్కరింపజేశాడు. ఇక్కడ మాత్రం దిద్దినవాడు తన ప్రతిని దిద్దుకొని పోతాడే గాని, పెన్‌డ్రైవులో కిందివాళ్లకు అందేది పాత ప్రతే. ఈ హెడరును వాడే ప్రోగ్రామును సి ప్లస్ ప్లస్ గా కాక ఉత్త సి గా భద్రపరిస్తే, సి భాషలో లేని ఎస్‌స్ట్రీమ్ అనే మరో హెడరు దొరకలేదని ఇంకో వాక్యం వస్తుంది. అదీ ఇంగ్లీషులోనే వస్తుంది, తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాటివచ్చిన పిల్లవాడికి వస్తుంది. తల్లిదండ్రులు సుగ్గికి, అంటే కోతల కాలపు కూలికి, గుంటూరు మిరపచేలకు పోయి తెచ్చిన డబ్బుతో ఫీజు కట్టినవాడికి ల్యాబు దొరికేది వారానికి ఒక పూట. ఆ పూట, ఎప్పుడో పోయిన లైబ్రరీకి తద్దినం పెట్టడంలో గడిచిపోతుంది. లింకరంటే ఏమిటో ఒక్క గంట చెప్పి, ఆ తర్వాత ఎంత పాత లైబ్రరీనైనా చేతికిస్తే ఫిర్యాదు ఉండేది కాదు.

ఉత్తరమూలం

ప్రోగ్రాము విజయవంతంగా అమలు చేయబడి ఫలితం సరిచూడబడినది ॥

ఇది రికార్డు పుస్తకంలో ప్రతి అభ్యాసం చివర, ఇంగ్లీషులో, తప్పకుండా కనిపించే భరతవాక్యం. శాస్త్రగ్రంథాలకు కర్మణి ప్రయోగం అలంకారమేనని, అవతారికలోనే అది వాడబడిందని ఒప్పుకొన్నా, అమలు చేసినదెవరు, సరిచూసినదెవరు అన్న ఆకాంక్ష ఇక్కడ తీరకుండానే వాక్యం ముగుస్తున్నది. లింకరైతే ఇటువంటి చోట ఆగి అరుస్తుంది. పరీక్షాధికారికి ఆ పట్టింపు లేదు. ఎదుటి పేజీలో ఫలితమన్న శీర్షిక కింద ఉన్న వృత్తం పెన్సిలుతో గీసినది, దాని కేంద్రంలో వృత్తలేఖిని ముల్లు దిగిన రంధ్రం ఉంటుంది, ఎర్రసిరా సంతకం ఆ రంధ్రం మీదుగానే పోతుంది.