దయ్యం లేచింది, కథ లేవలేదు

2005లో డబ్బింగై వచ్చిన ‘చంద్రముఖి’లో దయ్యం లేదు, అంతా మనోవ్యాధేనని డాక్టరు తేల్చేశాడు. 2010 ‘నాగవల్లి’కి వచ్చేసరికి ఆ కథలోని పాత రాజే నూరేళ్లు దాటినా బతికున్నాడన్నారు. 2024 ‘గీతాంజలి మళ్లీ వచ్చింది’లో ఏకంగా సినిమా వాళ్లే దయ్యాల మహల్‌కెళ్లి దయ్యం సినిమా తీస్తారు. తమ మీద తామే జోకులేసుకుంటే తప్పేంటంటారా? తప్పేం లేదు. కానీ పాతదని ఒప్పుకున్నంత మాత్రాన సరుకు కొత్తదైపోదు. జనం నవ్వుతున్నారుగా అంటారా? నవ్వు సరే, వాళ్లు టికెట్ కొన్నది భయపడటానికి కూడా! ఆదిలాబాద్ చలి ఏటా డిసెంబరులో తిరిగొస్తుంది. తన మీద తాను జోకులేసుకోదు, అయినా ఒళ్లు వణికిస్తుంది. విలన్‌ను సమాధిలోంచి లేపే మంత్రం తెలిసిన నిర్మాతలు, ముందు దాన్ని స్క్రిప్టు మీద ప్రయోగిస్తే మేలు.