అరవై దగ్గర నిలబెట్టు నాయనా!

పుదుచ్చేరిలో మా ఆఫీసు కుర్రాళ్ళకి తమ బండి గుర్రాల లెక్క తెలియకపోతే అన్నం సహించదు. మద్రాసు దారిలో ఒక షెడ్డుకి పోయి, వెనక చక్రాన్ని ఇనప రోలరు మీదికి ఎక్కించి, ముందు చక్రాన్ని బిగించి, యాక్సిలరేటరు చివరంటా తిప్పించి, హార్స్‌పవరు ఎంతో అచ్చేసిన కాగితం తెచ్చుకుంటారు. తెచ్చుకుని ఏం చేస్తారు? బీచ్ రోడ్డు మీదికి సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఏడున్నర దాకా బండ్లే రానివ్వరు. వైట్ టౌన్‌లో మూడో గేరు పడేలోపు పసుప్పచ్చ గోడ ముందు పెళ్ళి ఫోటోలు దిగే జంట రోడ్డుకి అడ్డంగా ఉంటుంది. వాళ్ళ ముచ్చట తీరేదాకా గుర్రాలన్నీ న్యూట్రల్లో గడ్డి మేస్తుండాలి.

నాది యానాం. ఉద్యోగం ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు లాక్కొచ్చి ఇక్కడ పడేసింది. పీవై 04 నంబరున్న నా 350 సీసీ బండీ వెంటే వచ్చింది. కార్బొరేటర్ కాలం నాటిది, యాభై అరవైలో నిమ్మళంగా పోయే రకం. సరిగ్గా ఆ వేగంలోనే ఇంజను ఎక్కడో యతి తప్పుతున్నట్టు వినబడేది. దుబాసీ ఆనందరంగ పిళ్ళై ఊరు ఇది. ఆయన పేరు మీద కస్తూరి రంగకవి తెలుగులో ఏకంగా ఛందశ్శాస్త్రమే రాశాడు. ఇలాంటి చోట యతిభంగం విని ఊరుకోవడం మర్యాద కాదు.

పైగా తాగుడొకటి. తమిళనాడు కంటే ఇక్కడ పెట్రోలు చవకని కడలూరు వాళ్ళు వచ్చి ట్యాంకులు నింపుకుపోతారు. ఆ చవక కూడా నాకు గిట్టుబాటు కాలేదు. ప్లగ్గు విప్పితే దాంతో పసిపిల్లకి కాటుక పెట్టొచ్చు.

మా వీధి మెకానిక్కు బండి స్టాండేసి, ఇంజను దగ్గర చెవి పెట్టి, "బంగారం సార్" అన్నాడు. నిజమే, నిలబడ్డప్పుడు బంగారమే. అప్పుడు పెట్రోలు వడ్డించేది స్లో జెట్. చివరంటా తిప్పితే మెయిన్ జెట్. పావు నుంచి ముప్పావు దాకా నడిచే యవ్వారమంతా నీడిల్‌ది. నా సంసారం ఆ నీడిల్ మీదే.

అందుకని నేనూ ఆ షెడ్డు రోలరుకి, అదే డైనోకి, వెళ్ళాను. షెడ్డు కుర్రాడు ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి, సైలెన్సరులోకి సెన్సారు దోపి, "ఫుల్ రైజ్ చేస్తున్నా సార్" అన్నాడు. వద్దు నాయనా, అరవై దగ్గర నిలబెట్టు అన్నాను. పెళ్ళివిందులో మజ్జిగన్నం అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు.

నిలబెట్టడం తేలికేమీ కాదు. ఉత్త బరువు రోలరైతే వేగం పెరుగుతూనే పోతుంది. రోడ్డు మీద గాలి, టైర్లు వెనక్కి లాగే బరువంతా రోలరుకి బ్రేకు వేసి అక్కడే కల్పించాలి. ఆ కరెంటు బ్రేకు షెడ్డులో ఉంది కానీ, దాన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదట. నా కోరికేమీ వింత కాదు. బండ్ల పొగ లెక్కగట్టడానికి మనవాళ్ళు రోలరు మీద నడిపించిన పాత ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ 108 సెకన్లది. అందులో గరిష్ఠ వేగం 42 కిలోమీటర్లు, సగటు 22 లోపే. అది రాసినాయన మామగారిని వెనక కూర్చోబెట్టుకుని పుదుచ్చేరిలో తిరిగి ఉంటాడని నా అనుమానం.

గాలీ పెట్రోలు పాళ్ళు లెక్కగట్టే మీటరు 12.2 చూపించింది. ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి కొంచెం తక్కువైనా సరిపోతుంది. పన్నెండున్నర, పదమూడు జోరుకి మంచివే, నిమ్మళంగా పోయేవాడికి అంత జోరెందుకు? నీడిల్‌కి అయిదు గాట్లు. లాకు ఒక గాటు పైకి జరిపి నీడిల్‌ని కిందికి దించితే 13.9కి వచ్చింది, యతి కుదిరింది. ఇంకో గాటు దించుదామా అని కుర్రాడికి అప్పుడు హుషారు పుట్టింది. గాలితో చల్లబడే ఇంజను, పెట్రోలు పాలు మరీ తగ్గి లీనైతే వేడెక్కుతుందని నేనే ఆపాను.

అరవైలో ఖర్చయిన హార్స్‌పవరు మూడున్నర. కాగితం చూసి ఆఫీసంతా నవ్వింది. కుర్రాళ్ళ మిగతా గుర్రాలన్నీ పనిలేకుండా జీతం తీసుకుంటున్నాయన్నమాట. గవర్నమెంటు ఉద్యోగిని, నేను తప్పుపట్టను.

మొన్న పొల్యూషన్ సర్టిఫికెట్టుకి వెళ్ళాను. అక్కడ బండిని నిలబెట్టే పైపు పెడతారు, ఆ పైపుకి నీడిల్ సంగతి తెలియదు. కథంతా విప్పి చెప్పాను. అక్కడి అబ్బాయి ఓపిగ్గా విని, పాత కాగితం కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసి, "ఏం మారలేదే సార్" అని ఫీజు తీసుకున్నాడు.