మంచులో ముందు చక్రాల కారు: మరిపెడ పద్ధతి

మరిపెడ బంగ్లా చుట్టుపక్కల ముప్పై ఏళ్లు ట్రాక్టర్ నడిపినవాణ్ణి. కరిగెటలో ఇరుసు దాకా దిగబడ్డ బండిని ఎన్నిసార్లు లేపానో లెక్కలేదు. అలాంటి నన్ను పట్టుకుని మా చిన్నోడు, అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, నోవై అనే ఊళ్లో, "బాపూ, గీ మంచుల బండి నడుపుడు నీకు తెల్వదు" అన్నాడు. మా దగ్గర మంచంటే పత్తి ఆకు మీద తడి, అక్కడ మోకాలి లోతు. అయితే ఏంటి? అదీ తడే కదా! ఒక చలికాలమంతా వాడి పక్క సీట్లో కూర్చుని నేను ఇచ్చిన సలహాలివి. పిల్లల్ని అటు పంపినవాళ్లు కత్తిరించి దాచుకోవచ్చు.

ముందు బండి సంగతి. అది సెల్‌ఫోన్‌లాగా రాత్రంతా వైరుకు తగిలించుకుని ఉంటుంది, మళ్లీ పెట్రోలూ తాగుతుంది. మోటారు తిరిగినా ఇంజన్ తిరిగినా లాగేవి ముందు చక్రాలే. ఎడ్లు బండికి ముందే ఉంటాయి గనక దీనికి మంచులో ఢోకా లేదని మొదటిరోజే తేల్చేశాను. లాగేవీ అవే, మలుపు తిరిగేవీ అవే, బ్రేకు భారం ఎక్కువ మోసేవీ అవే, అవి జారాయంటే మూడు పనులూ ఒక్కసారే చెడతాయని వాడు గొణిగాడు. మా జోడెడ్లు ఏనాడూ అట్లా లెక్కలు చెప్పలేదు.

టైర్ల మీద డబ్బు తగలేయకండి. పక్కన ఎం, ఎస్ అని రెండక్షరాలుంటే చాలు. మడ్, స్నో అని వాడంటాడు. మరిపెడ స్పెషల్ అని నేను చదువుకున్నాను. మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు బొమ్మ ఉన్నవే అసలైన చలికాలపు టైర్లట. ఏడు డిగ్రీల కిందికి పోతే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి పట్టు వదులుతుందట. పక్కనున్న కెనడాలో, క్యుబెక్‌లో అయితే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఆ టైర్లు లేకుండా కారు నడపడానికి చట్టమే ఒప్పుకోదు. భయస్తుల రాజ్యం! గుండులా నున్నగా అరిగిన టైర్లతో ఖమ్మం మిర్చి మార్కెట్‌కు పోయొచ్చే బండ్లు మా దగ్గర ఎన్ని లేవు! అంతగా మనసు పీకితే ముందు రెండింటికే కొనండి. వెనకవి ఊరికే వెంట వచ్చేవి. వెనక పట్టు లేకుంటే మలుపులో బండి తోక ముందుకు తిరుగుతుందన్నాడు. ట్రాక్టర్‌కు కేజ్‌వీల్స్ మాత్రం రెండే కదరా అంటే వాడి దగ్గర జవాబు లేదు.

చలికి బ్యాటరీ మైలేజీ పడిపోతుంది. అది చాలదన్నట్టు, నిండా చార్జింగ్ ఉన్న బండి హీటర్ వేయగానే ఇంజన్ స్టార్ట్ చేసుకుంది. కరెంటు బిల్లూ కట్టి, పెట్రోలూ పోసి! 2010లో డెట్రాయిట్‌లోని హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన షెవ్రొలే వోల్ట్ కూడా గట్టి చలికి ఇదే పని చేసేదని సముదాయించాడు. మా కోడలైతే బండి ఇంకా వైరుకు ఉండగానే ఫోన్‌లో మీట నొక్కి లోపల వేడి చేస్తుంది, బ్యాటరీ మిగులుతుందని. సోకులు! హీటర్ బంద్ చేసి గొంగడి కప్పుకోండి. నేను కప్పుకున్నాను. నా ఊపిరికి అద్దమంతా ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు, అది వేరే సంగతి. బయట అద్దం మీద గడ్డకట్టిన మంచుకు మరుగుతున్న నీళ్లు పోయమని కూడా చెప్పాను. అద్దం పగులుతుందని కోడలు గిన్నె లాక్కుంది. ఆ నీళ్లతో టీ పెట్టుకున్నాం.

వైకుంఠ ఏకాదశి నాడు నోవైలోని వెంకన్న గుడికి బయల్దేరాం. కారు పైన జానెడు మంచు. దులపడానికి వాడు పొడుగు బ్రష్ తీస్తే, గుడికి ఆలస్యమవుతుంది, ముందు అద్దంలో పళ్లెమంత బెజ్జం చాలన్నాను. డిక్కీలో నాలుగు సోనామసూరి బస్తాలు ముందురోజే వేయించాను, బరువుంటే బండి నిలకడగా ఉంటుందని. లాగేవి ముందు చక్రాలైతే వెనక బరువేస్తే వాటి పట్టు ఇంకా తగ్గుతుందట. ఆ మాట వాడు దారిలో మూడుసార్లు అన్నాడు.

మొదటి సిగ్నల్ దగ్గర బ్రేకు కొట్టాడు. పైనున్న మంచంతా దుప్పటి జారినట్టు జారి అద్దం మీద పడింది. వైపర్లు ఓసారి మూలిగి ఆగిపోయాయి. కాలి కింద పెడల్ గడగడలాడుతుంటే, ఏదో విరిగింది, కాలు తియ్యమని అరిచాను. తీయకుండా గట్టిగా తొక్కే ఉంచాడు, ఏబీఎస్ పని చేస్తే అట్లాగే ఉంటుందట. అటు తర్వాత ఎత్తు ఎక్కాలి. ఎక్సలేటర్ మెత్తగా నొక్కుతున్నాడు, గుడ్డు మీద కాలు పెట్టినట్టు. కరెంటు మోటారు నొక్కిన క్షణమే బలమంతా ఇస్తుంది, చక్రం ఉన్నచోటే తిరుగుతుందని భయం. "తొక్కురా!" అన్నాను. తొక్కాడు. మీటర్ల మధ్య జారుతున్న కారు బొమ్మ పసుప్పచ్చగా మిణుకుమంది. బండి సంతోషపడుతోందనుకున్నాను.

ఇంకా ముందు వంతెన. గాలి బాగా ఆడేచోట తడి ఆరుతుంది, తీగ మీద బట్టల్లాగా, కాబట్టి వంతెన మీద స్పీడు పెంచాలని నా సిద్ధాంతం. కింద నేల వెచ్చదనం లేక, పైనా కిందా చలిగాలి తగిలి వంతెనే ముందు గడ్డకడుతుందని ఆ ఉదయం తెలిసింది. కారు నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, పక్క గుంతలోకి దిగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాడు నన్ను తిట్టలేదు, హీటర్ కూడా వేయలేదు. దిగిపోయి, వెనక మంచులో పూడుకుపోయిన సైలెన్సర్ గొట్టాన్ని చేత్తో తవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు లేదు కదా, ఇంజన్ ఆగే ఉంది కదా అంటే, ఈ బండికి ఇంజన్ ఎప్పుడు స్టార్టవుతుందో మనకు చెప్పదు బాపూ, గొట్టం మూసుకుంటే పొగ లోపలికొస్తుంది, వాసన రాదు, నిద్రలోనే పోతాం అన్నాడు. దీనికి మాత్రం నా దగ్గర సలహా లేదు. 2024 సెప్టెంబర్ 1న మా ఆకేరు వాగు రోడ్డు మీదికొచ్చి ఒక కారును లాక్కుపోయింది. ఆ నీళ్లను చూసినవాణ్ణి. గొంగడి తీసి పక్కన పెట్టి నేనూ తవ్వాను.

టోయింగ్ బండి వచ్చేసరికి గంటన్నర. బియ్యం బస్తాలు దించి మరీ లాగారు.

ఆ సోమవారం వాడు కొండ బొమ్మ టైర్లు కొన్నాడు. నాలుగు. రెండు చాలని చెప్పాను.