లేటైతే కంపెనీకా నష్టం? ఇదేం ఆట!

రైలు మార్గాలు వేసి, బళ్ళు నడిపి, లాభాలు లెక్కపెట్టుకునే కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ళకు ఫిర్యాదుల కొదవ ఉండదు. సిగ్నళ్ళు ఎక్కడ పెట్టాలో అంతుపట్టడం లేదంటారు. ఇంజన్లు అస్తమానం చెడిపోతున్నాయని విసుక్కుని, సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ చెడిపోవడాన్నే రద్దు చేసుకుంటారు. అవి వాళ్ళ ఇంటి గొడవలు, మనకెందుకని ఊరుకోవచ్చు. ఈ వారం వాళ్ళ మధ్య మళ్ళీ లేచిన ఒక వాదన మాత్రం ఊరుకోనివ్వలేదు. 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్'లో ప్రయాణికులు గమ్యం చేరడం ఆలస్యమయ్యేకొద్దీ కంపెనీకి వచ్చే డబ్బు తగ్గుతుంది కదా, అది వాస్తవ విరుద్ధమట. అలాంటి రైల్వే లోకంలో ఎక్కడా ఉండదట. ఆ నియమం తీసెయ్యాలట. మన దేశం మట్టుకు వాళ్ళు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం కావడమే అసలు మంట. నిజం చెప్పినవాళ్ళ పక్షాన నిలబడడం కాలమిస్టు ధర్మం కాబట్టి, ఆ ఆటగాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకుని, ఆటను 'భారతీయ పద్ధతి'లోకి మార్చమని కోరుతూ ఈ అర్జీ దాఖలు చేస్తున్నాను.

ముందు ప్రతివాది నేరం ఏమిటో చూద్దాం. స్కాట్లాండ్‌కు చెందిన క్రిస్ సాయర్ 1994లో ఈ ఆట తయారుచేశాడు. 2004 నుంచి 'ఓపెన్ టీటీడీ' పేరుతో ఔత్సాహికులు దాన్ని బతికిస్తున్నారు. ఆ పేరు చూసి తిరుమలకు సంబంధించినదని భ్రమపడకండి. అక్కడ క్యూలో ఎన్ని గంటలు నిలబడ్డా ఫలం దక్కుతుంది. ఇక్కడ ఆలస్యానికి దక్కేది కోత ఒక్కటే. ప్రయాణికుడు బండి ఎక్కిన క్షణం నుంచి గడియారం తిరుగుతుంది. ఆటలో రెండున్నర రోజులు ఒక కొలత. మొదటి కొలత గడవగానే కంపెనీ ఆదాయంలో కోత మొదలవుతుంది. ఇరవైనాలుగు కొలతలు దాటితే కోత రెట్టింపవుతుంది. చివరికి పూర్తి సొమ్ములో సుమారు ఎనిమిదో వంతు మిగిలేదాకా గీకుతూనే ఉంటుంది. పైగా ఈ గడియారానికి టైంటేబుల్‌తో పనిలేదు. మనిషి బండిలో ఎంతసేపు కూర్చున్నాడన్నదే లెక్క. అంటే చివరి రెండు స్టేషన్ల మధ్య అరగంట దూరానికి గంటన్నర టైము రాసిపెట్టుకుని, ఔటర్‌లో తీరిగ్గా నిలబెట్టి, రైలు 'రైట్ టైము'కి వచ్చిందని ప్రకటించే వెసులుబాటు కూడా లేదు. ఇంత కర్కశమైన రైల్వేలో అధికారులు బతికేదెలా?

ఇంతకన్నా ఘోరం, ఈ ఆటకు మనిషికీ బొగ్గుకీ తేడా తెలుసు. బొగ్గుకు మొదటి ఏడు కొలతల దాకా, అంటే పదిహేడు రోజులకు పైగా, కోతే లేదు. ఆ తర్వాత కూడా రెట్టింపు కోత దాని దరిదాపులకే రాదు. బొగ్గు ఆగుతుంది, మనిషి ఆగలేడు అని ఆ ప్రోగ్రాము రాసినవాడికి ఎవరు చెప్పారో తెలియదు. ఆట నేర్చుకునేవాళ్ళకు పాత కాపులంతా ఇచ్చే సలహా కూడా దీన్నిబట్టే పుట్టింది: బొగ్గు గని నుంచి పవర్ స్టేషన్‌కి లైను వెయ్యి, డబ్బు చేసుకో, మనుషుల జోలికి తర్వాత వెళ్ళు. మనుషులను మోయాలంటే వేగం కావాలి, శ్రద్ధ కావాలి, అదంతా తలనొప్పి. ఈ తలనొప్పికి మన దగ్గర మందు ఎప్పుడో కనిపెట్టారు. 2022 ఏప్రిల్ చివర్లో, ఎండలు మండిపోతుండగా, థర్మల్ కేంద్రాలకు బొగ్గు పంపడానికి దారి కావాలని వందల సంఖ్యలో ప్యాసింజర్ రైళ్ళ ట్రిప్పులు రద్దు చేశారు. కరెంటు కొరత నిజమే, బొగ్గు అందకపోతే ఆసుపత్రులు కూడా చీకటవుతాయి, ఒప్పుకుందాం. ఆ రోజుల్లో రైలు దొరక్క పనికి వెళ్ళలేకపోయినవాడికి బొగ్గు మోసినందుకు వచ్చిన కిరాయిలో పైసా వాటా దక్కిందా అన్నదే ప్రశ్న. కాబట్టి మొదటి సవరణ: కోతల పట్టికలో బొగ్గునూ మనిషినీ తారుమారు చెయ్యాలి.

రెండో సవరణ డబ్బు చేతికొచ్చే వేళ గురించి. ఆటలో ప్రయాణికుడిని గమ్యంలో దించాకే కంపెనీ ఖాతాలో సొమ్ము పడుతుంది. ప్లాట్‌ఫారం మీద ఎంతమంది నిలబడ్డా, బండి దారిలో ఎన్ని స్టేషన్లు దాటినా, దించనంతవరకూ చిల్లిగవ్వ రాదు. వ్యాపారం తెలిసినవాడు చేసే పనేనా ఇది? మన పద్ధతిలో ప్రయాణానికి అరవై రోజుల ముందే పైకం పుచ్చుకుంటారు. 2024 నవంబరు దాకా అది నూటఇరవై రోజులు. బెర్తు లేకపోయినా పుచ్చుకుంటారు, దాన్ని వెయిటింగ్ లిస్టు అంటారు. చార్టు తయారయ్యాక కూడా బెర్తు రాకపోతే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి, మనిషికి అరవై రూపాయలు పట్టుకుని మిగతాది వెనక్కి పంపుతారు. అంటే మనిషిని అంగుళం కూడా కదపకుండా ఆదాయం. క్రిస్ సాయర్‌కు పదేళ్ళు గడువిచ్చినా ఇలాంటి ఆలోచన తట్టేది కాదు. ఇక రైలు మూడు గంటలకు మించి ఆలస్యమైతే పూర్తి డబ్బు వాపసు ఇస్తామన్న దొడ్డ నియమం ఒకటుంది. అయితే రైలెక్కకుండా ఇంటికి తిరిగి వెళ్ళినవాడికే అది వర్తిస్తుంది. ఓపిగ్గా కూర్చుని, ఆ లేటు రైలే ఎక్కి, అర్ధరాత్రి దిగినవాడికి ఏమీ లేదు. ప్రయాణం మానుకున్నవాడికి బహుమతి, నమ్మి కూర్చున్నవాడికి శిక్ష. ఈ సూక్ష్మం ఆటలోకి ఎక్కాల్సిందే.

మూడోది పెట్టెల సామర్థ్యం. ఆటలో మొదట దొరికే ప్రయాణికుల పెట్టెలో నలభైమంది పడతారు. నలభైఒకటోవాడు ఎక్కడు, ఎక్కలేడు, ప్రోగ్రాము ఒప్పుకోదు. మిగిలినవాళ్ళు ప్లాట్‌ఫారం మీద పెరిగిపోయేకొద్దీ ఆ స్టేషన్‌కి మార్కులు తగ్గుతాయి, మార్కులు తగ్గితే జనం రావడం మానేస్తారు, కంపెనీ పరుగున ఇంకో రైలు కొనాలి. మన జనరల్ బోగీ చూసినవాడెవడైనా ఈ నిబంధనకు నవ్వకుండా ఉండగలడా? మెట్ల మీద ఇద్దరు, మరుగుదొడ్డి తలుపుకి ఆనుకుని నలుగురు, సామాన్ల అర మీద కాళ్ళు ముడుచుకుని ముగ్గురు, వీళ్ళెవరూ ఆ నలభైలో లేరు, ఏ లెక్కలోనూ లేరు. అయితే న్యాయంగా చెప్పాలి, స్టేషన్ మార్కుల విషయంలో సాయర్ ఒకచోట మనల్ని బాగానే చదువుకున్నాడు. ఊళ్ళో కంపెనీ అధిపతి విగ్రహం పెట్టిస్తే ఆ ఊరి స్టేషన్లో మార్కులు పది శాతం పెరుగుతాయి. రైళ్ళు పెంచనక్కర్లేదు, వేగం పెంచనక్కర్లేదు, విగ్రహం చాలు. ఊరి పాలకులకు లంచమిచ్చే మీట కూడా ఉంది, కాకపోతే దొరికిపోతే కంపెనీ పరువు పాతాళానికి పడిపోతుంది. విగ్రహం నియమాన్ని ఉన్నదున్నట్టు ఉంచమనీ, లంచం నియమంలో 'దొరికిపోతే' అన్న భాగాన్ని కొట్టెయ్యమనీ మనవి.

నాలుగో సవరణ మన దక్షిణ మధ్య రైల్వే గౌరవార్థం. ఆటలో వేగంగా వెళ్ళినందుకు ఎక్కువ డబ్బు వస్తుంది, వెళ్ళకపోతే రాదు. ఇందులో కంపెనీకి రక్షణ ఏముంది? మన దగ్గర సగటున గంటకు 55 కిలోమీటర్లు నడవాల్సిన బండిని సూపర్‌ఫాస్ట్ అంటారు, అందుకు టికెట్ మీద అదనపు రుసుము ఉంటుంది. ఉత్తర మధ్య, దక్షిణ మధ్య రైల్వేల్లో ఆ వేగం అందుకోని రైళ్ళలోని ప్రయాణికుల నుంచి 2013–16 మధ్య వసూలు చేసిన సూపర్‌ఫాస్ట్ రుసుము 11.17 కోట్ల రూపాయలని కాగ్ 2017లో లెక్క తేల్చింది. వేగం రాలేదు, రుసుము వచ్చింది. దీన్ని మోసం అనకూడదు. వేగం అన్నది రైలు గుణం కాదు, టికెట్ గుణం అన్న కొత్త సిద్ధాంతం ఇది. ఆటలో ప్రతి ఇంజను పక్కనా 'సూపర్' అనే ఒక మీట పెట్టి, నొక్కగానే రైలు వేగం అలాగే ఉండి ఛార్జీ మాత్రమే పెరిగేలా చేస్తే సరిపోతుంది.

ఈ అర్జీ మీద రైల్వే అభిమానులు చెప్పబోయే అభ్యంతరం ఊహించడం కష్టం కాదు. ఆట వేరు, దేశం వేరు. టైకూన్ లాభం కోసం నడుపుతాడు, రైల్వే సేవ కోసం నడుపుతుంది, నష్టానికి నడుపుతుంది, పేదవాడిని చౌకగా మోస్తుంది. నిజమే, దేశమంతటా ఇంత చౌకగా మనిషిని మోసే సాధనం మరొకటి లేదు. ఆ మాట మీద రైల్వే నిలబడి ఉంటే ఈ కాలమ్‌కి పనే ఉండేది కాదు. కానీ సేవ అన్నవాళ్ళే 2016 సెప్టెంబరులో రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్ళకు ఫ్లెక్సీ ఛార్జీలు తెచ్చారు. పది శాతం సీట్లు నిండిన ప్రతిసారీ పది శాతం పెంచుకుంటూ ఒకటిన్నర రెట్ల దాకా వెళ్ళిన ఆ ఏర్పాటు ఏ టైకూన్ ఆటైనా సిగ్గుపడాల్సినంత ముచ్చటైనది. గిరాకీ పెరిగితే ధర పెంచడం వ్యాపారం. సరుకు సమయానికి అందకపోతే ధర తగ్గించడం కూడా వ్యాపారమే. మొదటి సగానికి టైకూన్ వేషం, రెండో సగానికి ధర్మదాత వేషం వేస్తామంటే కుదరదు. క్రిస్ సాయర్ ఆటలో ఆటగాడికి ఒకటే వేషం. అతని నిజాయితీ అంతా అందులోనే ఉంది.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. లైన్ల మీద మోయలేనంత రద్దీ ఉంది, పొగమంచు ఉంది, పశువులు అడ్డొస్తాయి, ఆలస్యం రైల్వే తప్పు కాదు. ఆటలోనూ రద్దీ ఉంటుంది. ఒకే లైను మీద పది రైళ్ళు తోస్తే ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటాయి. అప్పుడు ఆట ఆటగాడిని తిట్టదు, ఆదాయం తగ్గిస్తుంది. అంతే, మర్నాడు ఆటగాడు రెండో లైను వేస్తాడు. తప్పు ఎవరిదన్న పంచాయితీ కాదిది, ఆలస్యం ఖర్చు ఎవరు భరిస్తే దాన్ని తగ్గించాలన్న తొందర ఎవరికి పుడుతుందన్న లెక్క. యూరోపియన్ యూనియన్ చట్టం గంట దాటిన ఆలస్యానికి ఛార్జీలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం ఇవ్వమంటుంది. కాబట్టి 'లోకంలో ఎక్కడా లేదు' అన్న ఆటగాళ్ళ మాట పూర్తిగా నిజం కాదు. మన దగ్గరా 2019లో లక్నో–ఢిల్లీ తేజస్‌లో గంట దాటితే వంద రూపాయలు, రెండు గంటలు దాటితే రెండువందల యాభై ఇచ్చే పథకం పెట్టారు. 2024లో ఎత్తేశారు. 2016లో జమ్మూకు నాలుగు గంటలు ఆలస్యంగా చేరి, శ్రీనగర్ విమానం తప్పిపోయిన ఒక ప్రయాణికుడికి పరిహారం కట్టమని వినియోగదారుల ఫోరం చెబితే, రైలు ఆలస్యం సేవాలోపమే కాదని వాదిస్తూ రైల్వే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021 సెప్టెంబరులో ఓడిపోయింది. కొన్ని వేల రూపాయల చిల్లర కోసం ఏళ్ళ తరబడి కోర్టులెక్కింది. డబ్బు కోసం కాదు, ఆలస్యానికి ధర ఉందని ఒక్కసారి ఒప్పుకుంటే అలవాటైపోతుందన్న భయం అది.

ఇక్కడితో వకాల్తా వదిలేస్తున్నాను, ఎందుకంటే నవ్వడానికి ఏమీ మిగల్లేదు. టికెట్ తీసి చూడండి. మీ ప్రయాణానికి అయ్యే ఖర్చులో సగటున 57 శాతమే మీ దగ్గర వసూలు చేస్తున్నామని అచ్చు వేశారు. అరవై దాటిన మగవాళ్ళకు 40 శాతం, యాభైఎనిమిది దాటిన ఆడవాళ్ళకు 50 శాతం ఉన్న రాయితీని 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి తీసేశారు. కరోనా పోయింది, రాయితీ రాలేదు. ఎప్పుడిస్తారని పార్లమెంటులో అడిగితే, ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం రాయితీ ఇప్పటికే ఇస్తున్నాం కదా అని జవాబు. మోకాళ్ళ నొప్పులతో నాలుగు గంటలు ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్న ముసలావిడతో 'మీరే మాకు బాకీ ఉన్నారు' అని చెప్పడం ఇది. ఆవిడ కూర్చున్న ఆ నాలుగు గంటల ఖరీదు ఏ ఖాతాలో రాశారు? రైలు లేటై ఇంటర్వ్యూ పోగొట్టుకున్న కుర్రాడిది, కూలి పోయిన మేస్త్రీది, ఆసుపత్రిలో నంబరు దాటిపోయిన రోగిది ఏ బడ్జెట్ పద్దులో చూపించారు? ఎక్కడా చూపించలేదు, ఎందుకంటే, రైల్వేవారూ, వాళ్ళ కాలానికి మీరు కట్టిన విలువ సున్నా. మనుషులను సరుకు కింద లెక్కేసే ఒక పాత కంప్యూటర్ ఆట కూడా ఆ సరుకు కాలానికి ధర కట్టింది, అదీ బొగ్గు కాలం కన్నా ఎక్కువ ధర. మేము మీకు బాకీ ఉన్నదంతా టికెట్ మీద రాసుకున్నారు, సరే. మీరు మాకు బాకీ ఉన్నది కూడా గంటకింత అని అదే టికెట్ మీద, ఆ వాక్యం కిందనే రాయండి. ఆ ధైర్యం లేకపోతే, మొదటి వాక్యం చెరిపెయ్యండి.