కామందు ఏం చేశాడో రాయలేదేం?

మా మనవరాలు హైదరాబాదు నుంచి సెలవులకొచ్చి ఫోను నా ముక్కు ముందు పెట్టింది. "తాతయ్యా, ఇది మా చర్చి బైబిల్ స్టడీ గ్రూపు. రెండొందల పన్నెండు మందిమి" అంది. సంతోషమే. కళ్ళజోడు సవరించుకుని చూశాను. పొద్దున పువ్వుల బొమ్మ మీద ఒక వాక్యం, సాయంత్రం ఒక వీడియో, కింద దణ్ణాల బొమ్మలు. "మరి మీరు మాట్లాడుకునేదెక్కడే?" అన్నాను.

"మాట్లాడ్డానికి వీల్లేదు తాతయ్యా. గుడ్మార్నింగులు ఎక్కువైపోతున్నాయని సెట్టింగు మార్చారు. అడ్మిన్ ఒక్కరే పెట్టగలరు."

స్టడీ అట, గ్రూపు అట, నోరు మాత్రం ఒకరికేనట. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మాది బాపట్లకీ రేపల్లెకీ నడుమ ఒక పల్లె. ఫాదర్ హయ్యరు 1842లో గుంటూరొచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘానికి అదొక చిన్న కొమ్మ. నేను చెప్పేది 1960లు, 70ల సంగతి. పదిహేను ఊళ్ళకి ఒక్క పాస్టరు గారు. నెలకోసారి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, ప్రభు సంస్కారం ఇచ్చి, మజ్జిగ తాగి, పక్క ఊరికి వెళ్ళిపోయేవారు. తక్కిన రోజులకి ఉపదేశి గారే దిక్కు. ఆయనే బడి పంతులు కూడాను. బుధవారం రాత్రి అన్నాలయ్యాక గుడి ముందు చాపలు పరిచి, పెట్రోమాక్సు వెలిగించేవాళ్ళం. మాంటిల్ రాలిపోతే లాంతరు. అదీ లేకపోతే వెన్నెల. వెన్నెల్లో బైబిలు ఎలా చదివారని అడక్కండి. చదవాల్సిన పని చాలామందికి లేదు, నోటికొచ్చు.

పల్లె మొత్తానికి మూడు బైబిళ్ళు. ఒకదాని మొదటి పుటలు చెదలు తినేస్తే అది నిర్గమకాండం మధ్యలో మొదలయ్యేది. ఆ బైబిలు మా పెదనాన్నది. ఆదాము సంగతి ఎత్తితే "అది నా పుస్తకంలో లేదు" అని తప్పుకునేవాడు. మా మేనత్తకి అక్షరం ముక్క రాదు. అయినా చదివేవాడు వచనం దాటేశాడంటే ఆడవాళ్ళ వరస నుంచి కేక వచ్చేది: "ఒకటి మింగావురా, వెనక్కి పో!" ఎప్పుడు చూసినా ఆవిడదే రైటు.

ఉపదేశి గారికో అలవాటుండేది. మన పాత బైబిల్లో "ఏలయనగా" అనే మాట అడుగడుగునా వస్తుందిగా. చదివేవాడు ఆ మాట దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపేవారు. "ఆగు. ఎందుకో చెప్పబోతున్నాడు. ముందు మీరు చెప్పండి, ఎందుకు?" ఇక చూడండి. పాలేళ్ళూ, నాట్లేసి నడుములు విరిగినవాళ్ళూ, బీడీ ఆర్పి చెవిలో దోపుకున్నవాళ్ళూ తలో మాటా అనేవారు. తప్పు చెబితే నవ్వేవాళ్ళు, ఒప్పు చెబితే ఒప్పుకునేవాళ్ళు కాదు.

ద్రాక్షతోట కూలీల కథ చదివిన రాత్రి నాకిప్పటికీ గుర్తే. మత్తయి ఇరవయ్యో అధ్యాయం. పొద్దున్నే వచ్చినవాడికీ, పొద్దుగూకే వేళకి వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇస్తాడు, తలా ఒక దేనారం. మా చాపల మీద గొడవ లేచింది. కూలి గింజలు కొలిపించుకునే జనం వాళ్ళు, ఊరుకుంటారా? "ఇదేం న్యాయం? రేప్పొద్దున మన కామందు ఇట్టా చేస్తే ఎవడైనా తెల్లారుగట్ల చేలోకి దిగుతాడా?" అన్నాడు మా పెదనాన్న. సగంమంది ఆయన పక్షం. అప్పుడు ఒకామె అంది, మొగుడు పోయి ముగ్గురు పిల్లల్ని సాకుతున్నామె: "పనికి పిలవలేదని సాయంత్రందాకా చెట్టుకింద కూచున్నోడి సంగతి మీకు తెలీదు. నాకు తెలుసు. ఆడి ఇంట్లోనూ అయిదు నోళ్ళే. సగం కూలిస్తే పిల్లలకి సగం ఆకలేస్తదా?" ఎవరూ మాట్లాడలేదు. లాంతరు చుట్టూ పురుగుల చప్పుడు. గుంటూరులో, మద్రాసులో పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను తర్వాత. ఆ కథకి అంతకన్నా మంచి వివరణ ఇంకా వినాల్సే ఉంది.

పాస్టరు అయ్యగారు మా మధ్య లేకపోవడమే మా అదృష్టమని ఇప్పుడనిపిస్తుంది. జవాబు చెప్పే మనిషి ఎదురుగా లేడు కాబట్టి ఒకరినొకరు అడుక్కున్నాం. ఈనాడు వీధికో పాస్టరు గారున్నారు, చేతిలో మైకు, వెనక తెర. ఏసీ హాల్లో మెత్తటి కుర్చీలు వేసి, పెద్దల బైబిల్ స్టడీ అని బోర్డు పెట్టి, గంటసేపు ఒక్కరే దంచేస్తారు. చివరి రెండు నిమిషాల్లో "ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అంటారు. అప్పటికే వెనక బిర్యానీ పొట్లాల వాసన. ఎవరికుంటాయి ప్రశ్నలు? మొన్నామధ్య నేనొకటి అడగబోతే పక్కనున్న కుర్రాడు చెయ్యి పట్టుకుని "అంకుల్, తర్వాత పర్సనల్‌గా అడుగుదురు గాని" అన్నాడు. 1805లో విశాఖపట్నంలో దిగిన మిషనరీలు తెలుగులోకి మార్చే పని మొదలుపెడితే సంపూర్ణ బైబిలు చేతికొచ్చేసరికి 1854 అయింది. ఇప్పుడు అర నిమిషంలో ఫోనులోకి దిగుతోంది. దిగినంత త్వరగానూ మూతపడుతోంది.

మేమేదో మహానుభావులమని అనను. కాలవలో ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం వాళ్ళు మా వైపు వచ్చినప్పుడు, చిలకరింపా మునకా అని మొదలైన చర్చ కర్రలదాకా వెళ్ళింది. మా నాన్నా పెదనాన్నా రెండేళ్ళు మాట్లాడుకోలేదు. 1979లో స్కైలాబ్ పడుతుందన్నప్పుడైతే ప్రకటన గ్రంథం మూడు బుధవారాలు తిరగేసి, లోకాంతం ఖాయమని తేల్చి, ఉన్న కోళ్ళన్నీ కోసుకు తినేశాం. అది ఎక్కడో ఆస్ట్రేలియాలో పడింది. కోళ్ళు మాత్రం తిరిగి రాలేదు. టీకాలో 666 ఉందని వీడియోలు పంపేవాళ్ళని చూసి నవ్వే అర్హత అందుకే నాకు పూర్తిగా లేదు. ఆడవాళ్ళ మాటకొస్తే, మా మేనత్త కేకేస్తే వినేవాళ్ళం తప్ప, "నువ్వేమంటావమ్మా" అని పిలిచి అడిగింది తక్కువ. అది మా తప్పే.

కానీ ఫిలేమోను పత్రిక చదివిన రోజులు మాత్రం ఈ కాలంలో ఎవరికైనా వచ్చాయా అని అడుగుతాను. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చిందిగా, ఆ వెంటనే అనుకుంటా. చిన్న పత్రిక, ఒకటే అధ్యాయం. ఒనేసిము అనే దాసుడు యజమాని దగ్గర్నుంచి పోయి పౌలు దగ్గర చేరతాడు. పౌలు వాణ్ణి ఒక చీటీతో వెనక్కి పంపుతాడు. మా వరసలో ఒక తాత ఉండేవాడు, ముప్పై ఏళ్ళు పాలేరుతనం చేసినవాడు. కుర్రతనంలో ఒకసారి పారిపోయి, దొరికిపోయి, తిరిగొచ్చినవాడు. అంతా విని అడిగాడు: "పంపడమెందుకయ్యా? ఉంచుకోవచ్చుగా."

"బాకీ ఏదైనా ఉంటే తానే తీరుస్తానని పౌలు రాశాడుగా తాతా" అన్నారు ఉపదేశి గారు.

"రాశాడు. చీటీలు నేనూ చూశాను. చీటీ చదివి ఆ కామందు ఏం చేశాడో రాయలేదేం?"

వెతికాం. నిజంగానే లేదు. పత్రిక అక్కడితో అయిపోయింది. మూడు బుధవారాలు అదే చర్చ. చెప్పుకోలేక ఆపేశాడని ఒకరు, మంచే చేసి ఉంటాడు, లేకపోతే ఈ ఉత్తరం చింపి పారేసేవాడు, మనదాకా వచ్చేదా అని ఇంకొకరు. ఆ రెండో మాట అన్నది పదో తరగతి తప్పిన కుర్రాడు. పాస్టరు గారు సైకిలు దిగీ దిగకముందే అడిగేశాం. ఆయన చెమట తుడుచుకుని, "నాకూ తెలీదు. మీరేమనుకున్నారు?" అని చాప మీద కూచున్నారు. అలాంటి అయ్యగారి కోసం ఇప్పుడు ఎంత కానుకైనా వేస్తాను.

కిందటి నెల పట్నం హాల్లో ఇదే పత్రిక చెప్పారు. తెర మీద "క్షమాపణకు అయిదు మెట్లు" అని రంగురంగుల బొమ్మ. ఇరవై నిమిషాల్లో అయిదు మెట్లూ ఎక్కించి దింపేశారు. దాసుడి మాట ఒకసారి వచ్చింది. అందరూ ఆమెన్ అన్నారు. తాత అడిగిన ప్రశ్న అక్కడెవరికీ తట్టలేదు.

ఇంటికొచ్చి మనవరాలికి ఆ తాత సంగతి చెప్పాను. కాసేపాగి, "అయితే ఒనేసిము తనంతట తానే వెళ్తానన్నాడేమో తాతయ్యా, ఒనేసిమునెవరూ అడగలేదుగా?" అంది. యాభై ఏళ్ళలో ఈ మాట మాకు రాలేదు. అడ్మిన్ దాన్ని మాట్లాడనిచ్చి ఉంటే ఆ రెండొందల పదకొండు మందికీ తెలిసేది.

అందుకని, ఈ బుధవారం రాత్రి ఏడున్నరకి మా ఇంటి వరండాలో కూచుంటున్నాం. ఫిలేమోను పత్రిక, ఇరవై అయిదు వచనాలే. ఫోనులో చూసుకున్నా ఫరవాలేదు గాని, ఒకసారి చదువుకుని రండి. మైకు లేదు. చాపలు నావి, టీ మా కోడలిది.