మేత కొట్టు ఆవర్జా

నేను ఆవర్జాను, అరువు పద్దుల పుస్తకాన్ని. ఎర్ర గుడ్డ అట్ట, దారపు కుట్టు. నన్ను ఎవరు బైండు చేశారో గుర్తులేదు కానీ, ఉగాదినాడు మూలలకు పసుపు రాసి మొదటి పుటలో 'శ్రీ' చుట్టిన చెయ్యి బాగా గుర్తుంది. అది 1993. ముత్తుకూరు దారిలో రొయ్యల మేత కొట్టు. వరి మళ్లు గుంటలవుతున్న రోజులు. నెల్లూరు తీరంలో ఎవరి నోట విన్నా టైగర్ రొయ్యే.

ఈ వ్యాపారమే అరువు మీద నడుస్తుంది. పిల్ల వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా నాలుగు నెలలు రైతు చేతికి రూపాయి రాదు. పెట్టుబడిలో సగం మేతకే పోతుంది. ఆ భారం కొట్టువాడి మీద, కొట్టువాడి భారం నా మీద.

కొట్టు యజమాని పెద్దాయన పద్దులు పొదుపుగా రాసేవాడు, నా అంచుల్లో మాత్రం ధారాళంగా రాసేవాడు. పిల్ల ఏ రోజు వేశారు, ఎన్నెకరాలు, పూచీ ఎవరు, పట్టుబడి ఎప్పుడు. వాటన్నిట్లోకీ ఆయన ఎక్కువసార్లు చూసుకున్న మాట ఒకటే: 'మేత తగ్గింది'. వారానికి పది బస్తాలెత్తే రైతు ఆరు చాలన్నాడంటే, బాకీ ఊసెత్తకుండా బండి తీసి గట్టు మీదికి పోయేవాడు.

"ఏమబ్బయా, ట్రేలో మేత మిగల్తా ఉందా?"

చెక్ ట్రే పైకెత్తితే మేత అలాగే ఉంది. రొయ్యకు జబ్బు మొదలైందన్నమాట. ఆ రోజే వల వేస్తే చిన్న సైజుకైనా డబ్బులొస్తాయి. నాలుగు రోజులాగితే రైతుకూ లేదు, కొట్టుకూ లేదు. వసూలు అనేది పట్టుబడి నాడు లారీ పక్కన నిలబడి చేసే పని కాదని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

అయినా 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు ఏ తెలివీ పనికిరాలేదు. గుంటలకు గుంటలు పోయాయి. నాలో ఒకవైపు బస్తాలే, రెండోవైపు తెల్ల కాగితమే. అది చాలదన్నట్టు 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, సంప్రదాయ సాగు తప్ప తీర నియంత్రణ మండలిలోని రొయ్యల గుంటలు తీసేయమంది. బాకీకి రాయించుకున్న ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. పెద్దాయన గడువులోపే ఇల్లిల్లూ తిరిగి, యాభయ్యో వందో పుచ్చుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకున్నాడు. దాంతో మళ్లీ మూడేళ్లు. దీన్ని పీడించడం అన్నవాళ్లూ ఉన్నారు. నేనొప్పుకోను. కోర్టు గుమ్మం ఎక్కకుండా ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకునే వీలు అదొక్కటే.

కోర్టంటే నాకో కడుపుమంట. ఖాతా పుస్తకంలో ఉన్నంత మాత్రాన బాకీ రుజువైనట్టు కాదని పాత సాక్ష్య చట్టం 34వ సెక్షను. ఒక్క కొట్టివేత లేకుండా రాసిన పద్దులకు దక్కిన గౌరవం అది!

2009 తర్వాత వనామి రొయ్య వచ్చింది, దాని వెనకే పెద్దాయన కొడుకు, వాడి వెనకే ఫోను. ఎవరి గడువు ఎన్ని రోజులు దాటిందో అది చిటికెలో చెబుతుంది. నా వల్ల ఎన్నడూ కాలేదు, ఒప్పుకుంటాను. కానీ దానికి గట్టు తెలియదు. రొయ్య చచ్చిన గుంటలో ఒకాయన బ్లీచింగు చల్లుకుంటున్న పొద్దునే 'మీ బాకీ గడువు దాటింది' అని మెసేజ్ కొట్టింది. బాకీ వచ్చింది, ఆలస్యంగా. ఆయన మాత్రం రాలేదు. తర్వాతి పంటకు వేరే కొట్టులో మేత ఎత్తాడు, అదీ రొక్కమిచ్చి.

నేను అటకెక్కాను. ఉప్పుగాలికి గుండుసూదులు తుప్పుపట్టి కాగితాల్ని తినేశాయి. మేత వాసనకు బొద్దింకలు చేరి జిగురు నాకాయి. తోలు పట్టీ ఎటు పోయిందో. గుమాస్తా కుర్రాడికి లోడు చీటీలకు కాగితం కావాలంటే నిచ్చెనేస్తాడు. రాసిన పుటల జోలికి రాడు, ఖాళీవే చించుకుపోతాడు. నా బతుకులో ఎవరికీ అరువివ్వని కాగితాలకే ఇప్పుడు గిరాకీ.

మొన్న కొడుకే నిచ్చెనెక్కాడు. ఇస్కపల్లి కుర్రాడెవరో కొత్తగా గుంట కౌలుకు తీసుకుని అరువడిగాడట. ఫోనులో వాడి పేరే లేదు. దుమ్ము దులిపి, ఆ కుర్రాడి తండ్రి పేరు మీద పుట తీశాడు. అంచులో పెద్దాయన రాత: 'వైరస్ కొట్టింది. గొడ్లమ్మి సగం కట్టాడు. మిగతాది అడగొద్దు, తనే తెస్తాడు.' కింద, రెండేళ్ల తర్వాతి తేదీతో పూర్తి జమ.

కొడుకు కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత కిందికి కేకేసి ఇరవై బస్తాలు లోడెత్తమన్నాడు. చీటీ రాయడానికి నాలోంచే ఇంకో ఖాళీ కాగితం చించాడు.